కాజా ఏం తిన్నాడు

“చిన్న ఆపరేషనేనండీ. భయపడాల్సిందేం లేదు,” అంది డాక్టర్ హుమా.

సత్యవేణికి అసలు భయం ఆ మాటతోనే పట్టుకుంది. అంతవరకూ ఆమె పడ్డవన్నీ ఉత్తుత్తి భయాలు. ఏలూరు ఎండకి భయపడింది, రైల్లో జనానికి భయపడింది, ఒళ్ళోని బుట్టలోంచి గినీ పిగ్ ఎక్కడ దూకేస్తుందో అని భయపడింది. చిన్న ఆపరేషన్ అన్న మాట వేరు. దాన్ని ఆమె పద్నాలుగో ఏట ఒకసారి విన్నది. మళ్ళీ వినకుండా ఇరవయ్యేడేళ్ళు ఎలాగో నెట్టుకొచ్చింది.

ఒళ్ళో బుట్టలో ఉన్నది కాజా. గోధుమరంగు ఒళ్ళు, తోక లేదు, బరువు ఓ అరకిలో పొట్లమంత. కాళ్ళ దగ్గర ఇంకో బుట్టలో ఉన్నది కోవా, తెల్లది. రెండూ సత్యవేణి కూతురు మేఘనవి. ఏడాదికి పైగా కోవాని ఒంటరిగా పెంచుకున్న పిల్ల, ఇంటర్మీడియట్‌కి విజయవాడ హాస్టల్‌కి వెళ్ళేముందు దానికి తోడుండాలని కాజాని కొనితెచ్చి, రెండింటినీ తల్లి చేతిలో పెట్టి వెళ్ళింది. రెండూ ఆడవేనని షాపువాడు ఒట్టు వేసినంత పని చేశాడు. మూడు నెలలు తిరిగేసరికి కాజా గుర్రుగుర్రుమంటూ కోవా వెంటపడటం మొదలుపెట్టింది. రెండూ దెబ్బలాడుకుంటున్నాయేమో, ఏదైనా జబ్బేమోనని సత్యవేణి ఏలూరులో జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది.

“దెబ్బలాట కాదండీ. ఇది మగది,” అంది హుమా. ముప్ఫై ఏళ్ళుంటాయి ఆ అమ్మాయికి, నెమ్మదిగా మాట్లాడుతుంది. “కోవాకి ఏడాదిన్నర వచ్చింది, ఒక్క ఈతా లేదు. వీటిలో ఆడదానికి ఏడెనిమిది నెలల్లోపు తొలి కాన్పు కాకపోతే నడుం కింద ఎముక గట్టిపడిపోతుంది. ఇప్పుడు చూలు నిలిస్తే పిల్ల బయటికి రాలేదు. తల్లి బతకడం కష్టం. అదృష్టం బాగుండి ఇంకా నిలవలేదు. ఈరోజే విడదీసేయండి. లేదంటే వీడికి ఆపరేషన్ చేయించండి. ఆ తర్వాత ఓ ఆరు వారాలు ఆగి కలిపేయొచ్చు.”

“మత్తు ఇస్తారాండీ?”

“ఇవ్వాలి కదండీ.”

“మత్తులో ఏవీ కాదా?”

“కాదని అబద్ధం చెప్పను. కుక్కలకంటే, పిల్లులకంటే వీటికి ప్రమాదం ఎక్కువే. వందలో మూడో నాలుగో లేవకపోవచ్చు.”

సత్యవేణి రెండు బుట్టలూ తీసుకుని ఆలోచించుకుని చెప్తానంది. ఆలోచించే స్థితిలో లేదు. స్టేషన్‌కి ఆటో ఎక్కేసింది.

తాడేపల్లిగూడెంలో వాళ్ళది స్టీలు సామాన్ల కొట్టు. కింద కొట్టు, పైన కాపురం. అత్తగారు రత్నాంబ ఇంట్లో పంది అన్న మాట వినపడకూడదని వాటిని కుందేళ్ళంటుంది. మరి చెవులేవండీ అని ఎవరైనా అడిగితే, ఇంకా పెరగలేదని చెప్పి లోపలికి వెళ్ళిపోతుంది. ఆపరేషన్ సంగతి విని ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“మగాడికి ఆపరేషనా? మన ఇళ్ళల్లో ఎప్పుడైనా విన్నావా అమ్మాయ్? ఆ బల్ల ఎక్కేది ఎప్పుడూ మనవే కదా. వీడెవడో మహానుభావుడు.”

భోజనానికి పైకొచ్చిన సత్యవేణి భర్త రాజకుమార్ పేపరు కాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఇబ్బంది ఆయనది. మేఘన పుట్టాక ఇంక చాలనుకున్నప్పుడు సత్యవేణి ఆపరేషన్‌కి ససేమిరా అంది, కారణం చెప్పలేదు. పోనీ నేను చేయించుకుంటానని ఆయనా అనలేదు. ఏదో జాగ్రత్తపడుతూ ఇన్నేళ్ళూ నడుపుకొచ్చారు.

“కోతలెందుకు? బోన్లు రెండు పెడితే పోలా,” అన్నాడు పేపరు వెనకనుంచి.

పెట్టారు. వరండాలో ఈ కొస ఒకటి, ఆ కొస ఒకటి. మొదటిరోజంతా కోవా కీచుకీచుమని పిలిచింది. కాజా బోను ఊచలు కొరికాడు. పక్కపక్కన పెట్టి చూస్తే ఊచల్లోంచి మూతులు పెట్టుకుని ఇంకా ఎక్కువ గోల చేశాయి. మూడో రోజుకి కోవా పిలవడం మానేసింది. దాంతోపాటు తిండీ తగ్గించింది. సత్యవేణి రోజూ మధ్యాహ్నం దాన్ని కిందికి తీసుకెళ్ళి, ఇత్తడి బిందెలు తూచే కాటా మీద పెట్టేది. మొదట తొమ్మిది వందల నలభై గ్రాములు. పది రోజులకి ఎనిమిది వందల అరవై. సత్యవేణికి ముద్ద దిగడం మానేసింది. కలిపితే కోవా పోతుంది, విడదీస్తే కోవా పోయేలా ఉంది, కోయిస్తే కాజా పోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆదివారం హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడు మేఘనకి అంతా చెప్పింది.

“నువ్వేది మంచిదంటే అదే అమ్మా. దగ్గరుండి చూస్తున్నది నువ్వు కదా,” అంది ఆ పిల్ల. “ఒక్కటే అడుగుతాను. ఏదన్నా అయితే పరీక్షలని చెప్పి నా దగ్గర దాచొద్దు. నాకు అబద్ధం చెప్పకు,” అంది.

సత్యవేణి చెప్పనంది. ఫోన్ పెట్టేశాక వంటింట్లో పీట మీద చాలాసేపు కూర్చుంది. అబద్ధం సంగతి కూతురికి ఏం తెలుసు గనక?

తెలిసినవాళ్ళెవరూ లేరు. ఉన్నదల్లా సత్యవేణి ఒక్కతే. వాళ్ళ పుట్టిల్లు భీమడోలు, నాన్నకి చిల్లర కొట్టు. అక్క విజయదుర్గకి అప్పుడు ఇరవైమూడేళ్ళు, ఇద్దరు పిల్లలు. వేసవిలో స్కూల్లో కుటుంబ నియంత్రణ క్యాంపు పెడితే పేరు రాయించారు. చిన్న ఆపరేషనే, సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు అన్నారు అందరూ. ముందు రోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా తాగకూడదన్నారు. పొద్దున్నే వెళ్ళి బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్ళు మిట్టమధ్యాహ్నమైనా అలాగే కూర్చున్నారు. అక్క చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని గోడకి చేరబడి, “కళ్ళు తిరుగుతున్నాయే సత్యా,” అంది. సత్య పరిగెత్తుకెళ్ళి హోటల్లో రెండు ఇడ్లీలు కట్టించుకొచ్చింది. స్కూలు వెనక, అక్క చేతుల్లో పిల్ల ఉంది గనక, తనే తుంచి నోట్లో పెట్టింది. తిన్నాక అక్క మొహం కాస్త తేటపడింది.

కాసేపటికి నర్సు వచ్చి, “ఏవన్నా తిన్నావామ్మా?” అని అడిగింది. తిన్నానంటే ఇంకో క్యాంపుకి రమ్మంటారు, బావ ఇంటి మీదికొచ్చి అరుస్తాడు. అక్క లేదండీ అంది. నర్సు సత్యవైపు చూసింది. సత్య కూడా లేదని తలూపింది.

మత్తులో అక్కకి వాంతయింది. అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఏలూరు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు ఏం తిన్నదని అడిగితే అమ్మ రెండు చేతులూ జోడించి, “నీళ్ళు కూడా తాగలేదు బాబూ,” అని ప్రమాణం చేసింది. సత్య తలుపు వెనక నిలబడి ఉంది. అప్పుడు చెప్పినా అక్క బతికేదో లేదో ఎవరికీ తెలియదు. చెప్పలేదు, అంతే. మూడో రోజు అక్క పోయింది. క్యాంపు డాక్టర్ని ఊరంతా ఏళ్ళ తరబడి తిట్టుకుంది. పాపం ఆయనెవరో ఎక్కడున్నాడో.

కోవా ఎనిమిది వందల ఇరవైకి దిగినరోజు సత్యవేణి కళ్ళు మూసుకుని ఏలూరు ఫోన్ చేసింది. చేయించేస్తానండీ అంది. గురువారం పొద్దున్న తొమ్మిదింటికి రమ్మంది హుమా.

“ముందు రోజు సాయంత్రం నుంచీ ఏం పెట్టకూడదు కదండీ?”

“అయ్యో, ఆ పని మాత్రం చెయ్యకండి. ఎప్పుడూ తినేట్టే తినాలి. వచ్చేదాకా, రైల్లో కూడా గరిక పెడుతూ తీసుకురండి. వీటికి ఖాళీ కడుపే ప్రమాదం. మర్చిపోరు కదా?”

మర్చిపోనని సత్యవేణి క్యాలెండర్ మీద రాసుకుంది కూడా. ‘వచ్చేదాకా పెట్టాలి.’ రాసింది మళ్ళీ మళ్ళీ చదువుకుంది.

బుధవారం సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి వరండాలోకి వచ్చింది. కాజా ముందరి కాళ్ళు ఊచల మీద వేసి నిలబడి, గరిక కోసం కూశాడు. గరిక కట్ట ఆమె చేతిలోనే ఉంది. పెట్టబోయింది. వేళ్ళు విప్పడానికి రాలేదు. ఆ అమ్మాయి చదువుకున్నదే, కాదనట్లేదు. కానీ మత్తిచ్చే ముందు తిండి పెట్టమనే డాక్టరు ఉంటుందా లోకంలో? పొరపాటున అనుంటుంది. లేకపోతే ఇంకే జంతువు సంగతో చెప్పి ఉంటుంది. చదువుకున్నవాళ్ళు పొరపాటు పడరా? తనకి తెలిసినంత ఆ అమ్మాయికి తెలుసా? ఇలా తనకి తనే నచ్చజెప్పుకుని, కట్ట వెనక్కి తీసుకుంది. బోనులో మిగిలిన పరకలు కూడా ఏరేసింది. నీళ్ళ సీసా ఊడదీసింది. కాజా ఆమె చేతి వెంటే మూతి తిప్పుతూ చూశాడు.

“పరగడుపున ఉంచుతున్నావా? మంచిపని,” అంది రత్నాంబ తులసి దగ్గర నుంచి. “ఆపరేషనంటే అంతే మరి.”

ఆ ఒక్క మాటతో సత్యవేణికి కొండంత ధైర్యం వచ్చింది. మనిషికి కావలసింది తన భయాన్ని అవునవునని చెప్పే గొంతొకటి. ఆ రాత్రి వారాల తర్వాత మొదటిసారి నిద్రపోయింది.

గురువారం రైల్లో కాజా కూయలేదు. ఎదురు సీటులో ఆవిడ బుట్టలోకి తొంగిచూసి, “ఏవండీ, బుద్ధిమంతురాలే,” అంది. సత్యవేణి నవ్వబోయి మానేసింది. వాడు ఒక మూల వీపు గూనిగా పెట్టి, ఒళ్ళంతా ఉబ్బించుకుని కూర్చున్నాడు. రైలు భీమడోలులో ఆగింది. ఆమె ఎప్పటిలాగే రెండో వైపు కిటికీ చూస్తూ కూర్చుంది.

డాక్టరు దగ్గర జనం పలచగానే ఉన్నారు. కొల్లేటి ఊరి నుంచి బాతుల్ని బుట్టలో తెచ్చుకున్న ఏలీయా అనే ముసలాయన బెంచీ మీద ఒక కొసన కూర్చున్నాడు. లోపల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. హుమా జుట్టు మీద టోపీ లాంటిది పెట్టుకుని బయటికి వచ్చింది.

“కాజా ఏం తిన్నాడండీ పొద్దున్న?”

అడిగింది ఎవరో, ఎప్పుడో, ఒక్క క్షణం సత్యవేణికి తెలియలేదు. పెట్టలేదంటే ఈ అమ్మాయి కోప్పడుతుంది, పంపించేస్తుంది. మళ్ళీ ఇంకో రోజు ఈ గుండెదడంతా మొదటి నుంచి పడాలి. అయినా ఖాళీ కడుపుతోనే ఉన్నాడు కదా, మంచిదే కదా. ఎవరికి నష్టం?

“తిన్నాడండీ. బాగానే తిన్నాడు,” అంది.

హుమా తలూపి బుట్ట అందుకుంది. తలుపు పడింది.

సత్యవేణి బెంచీ మీద కూర్చుంది. ఏలీయా బాతుల గురించి ఏదో చెప్తున్నాడు, మెడలు వాల్చేస్తున్నాయని. ఆమెకి వినబడటం లేదు. లోపల సీసా మూత తీసిన చప్పుడు వినబడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అమ్మ జోడించిన చేతులు కనిపించాయి. తను నిలబడిన తలుపు, దాని గొళ్ళెం, గొళ్ళేనికున్న తుప్పు, అన్నీ కనిపించాయి. ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళడానికి అప్పుడు నాలుగడుగులు చాలు. వెయ్యలేకపోయింది.

లేచింది. తలుపు మీద కొట్టి, జవాబు రాకముందే తోసేసింది. హుమా సూదిలోకి మందు ఎక్కిస్తోంది.

“తినలేదండీ,” అంది సత్యవేణి. “నేనే పెట్టలేదు. నిన్న దీపాల వేళ నుంచీ గరిక్కాడ కూడా పెట్టలేదు. నీళ్ళు కూడా తీసేశాను. మీరు చెప్పింది నాకు గుర్తుంది, మర్చిపోయి కాదు. అబద్ధం చెప్పానండీ.”

హుమా సూది పక్కన పెట్టింది. కాజా పొట్టకి స్టెతస్కోపు ఆనించి చాలాసేపు వింది. చోటు మార్చి మళ్ళీ వింది. ఆ అమ్మాయి మొహం చూస్తుంటే సత్యవేణికి పై ప్రాణాలు పైనే పోయాయి.

“పేగు కదలిక దాదాపు లేదండీ,” అంది చివరికి. “ఇవి పగలూ రాత్రీ మేస్తూ ఉంటేనే కడుపు నడుస్తుంది. ఓ పూట ఆగితే పేగు ఆగిపోతుంది, దాంతో ప్రాణం పోతుంది. ఇలా ఉండగా మత్తిచ్చుంటే ఇంక లేచేవాడు కాదు. ఎందుకలా చేశారు? అంత చెప్పాను కదా?”

“మా అక్క రెండు ఇడ్లీలు తిన్నదండీ,” అంది సత్యవేణి.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చాక ఆగలేదు. స్కూలు వెనక గోడ, చంటిపిల్ల, నర్సు, తను ఊపిన తల, అమ్మ ప్రమాణం, అన్నీ చెప్పేసింది. మొగుడికి చెప్పనిది, కన్నతల్లికి చెప్పనిది, ముక్కూ మొహం తెలియని జంతువుల డాక్టరుకి తెరిచున్న తలుపు దగ్గర నిలబడి చెప్పింది. బయట ఏలీయా బాతుల గురించి మాట్లాడటం ఆపేశాడు.

హుమా కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టి, కాజాని ఒళ్ళో పెట్టింది.

“ఒక సంగతి మీకు ముందే చెప్పాల్సింది. వీటికి వాంతి కాదండీ. వీటి ఒంట్లో ఆ వీలే లేదు. తిన్నది కిందికి పోవాల్సిందే గాని పైకి రాదు. అందుకే పెట్టి తీసుకురమ్మన్నాను.”

సత్యవేణి ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. ఇరవయ్యేడేళ్ళుగా తను ఏ చావుకి భయపడుతూ వచ్చిందో, ఆ చావు ఈ ప్రాణికి రాదు. ఆ భయంతోనే దాన్ని ఇంకో చావు దగ్గరకు తీసుకొచ్చింది.

ఆరోజు ఆపరేషన్ లేదు. హుమా గరికపొడి పల్చగా కలిపి, సూది తీసేసిన సిరంజిలో నింపి ఇచ్చింది. బుగ్గ పక్కనుంచి చుక్కచుక్కగా పెట్టాలి, తొందరపడితే ఊపిరి గొట్టంలోకి పొరబోతుంది. పొరబోవడం అన్న మాటకి సత్యవేణి సిరంజి తిరిగి హుమా చేతికివ్వబోయింది. “మీరు పెట్టండమ్మా,” అని బతిమాలింది. హుమా పెట్టలేదు. బయట బాతులున్నాయని వెళ్ళిపోయింది. మొదటి మూడు చుక్కలూ కాజా గడ్డం మీదుగా కారిపోయాయి. నాలుగోది మింగాడు. రెండు గంటలకోసారి, సాయంత్రం దాకా ఆ కుర్చీలోనే కూర్చుని పెట్టింది. నాలుగున్నరకి ఒళ్ళోని తువ్వాలు మీద మిరియం గింజంత పెంటిక ఒకటి పడింది. ఏలీయాతో సహా అందరూ వచ్చి దాన్ని చూసి వెళ్ళారు.

ఇంటికెళ్ళి మేఘనకి ఫోన్ చేసింది. తను చేసిన పని ఉన్నదున్నట్టు చెప్పింది. ఎందుకు చేసిందో కూడా చెప్పింది. “పెద్దమ్మ ఫోటో చూసినప్పుడల్లా నువ్వు లోపలికి వెళ్ళిపోతావెందుకో అనుకునేదాన్ని,” అంది ఆ పిల్ల. కాజాని ఏం చెయ్యాలో మాత్రం మళ్ళీ తల్లికే వదిలేసింది.

ఈసారి నిర్ణయం తేలికేమీ కాలేదు. వందలో మూడో నాలుగో అన్నది అలాగే ఉంది. ఆ లెక్కని ఏ ఏడుపూ మార్చదు. కోవా ఏడు వందల తొంభైకి దిగింది. కోశాక ఆగాల్సిన ఆరు వారాలూ దానికీ సిరంజితో పెట్టి నెట్టుకురావచ్చని హుమా అంది. ఇంక ఆగితే ఆలోచించడానికేమీ మిగలదని తెలిసి, పన్నెండో రోజున సత్యవేణి మళ్ళీ బుట్ట పట్టుకుని రైలెక్కింది. గూడెం నుంచి ఏలూరు దాకా గరిక పెడుతూనే ఉంది. పెట్టిన ప్రతి పరకకీ గుండె ఝల్లుమంటూనే ఉంది. తెలిసినది తెలిసినట్టే ఉంటుంది, భయం దారి భయానిదే.

“ఏం తిన్నాడండీ?” అంది హుమా.

“పొద్దున్న గరిక, రెండు గుప్పిళ్ళు. కొత్తిమీర, నాలుగు కాడలు. జామాకు ఒకటి, సగం వదిలేశాడు. రైల్లో మళ్ళీ గరిక. ఇదిగో, ఇప్పుడు కూడా,” అంది సత్యవేణి. కాజా నోట్లో ఆకుపచ్చ పరక ఒకటి ఇంకా ఆడుతోంది. అలా నములుతూనే లోపలికి వెళ్ళాడు.

నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ ఆమె దేవుణ్ణి తలుచుకోలేదు, అక్కనీ తలుచుకోలేదు. వాకిలి పక్క దుమ్ములో మొలిచిన గరిక కనబడితే వెళ్ళి కోసుకొచ్చి, కుళాయి కింద కడిగి, తువ్వాలుతో ఒక్కొక్క కాడా తుడుస్తూ కూర్చుంది.

హుమా తువ్వాలులో చుట్టి తెచ్చింది. కాజా కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, తల నిలవట్లేదు.

“లేచాడండీ. కానీ గండం ఇంకా గడవలేదు. తినాలి. తినడం మొదలుపెడితేనే మనవాడు.”

సత్యవేణి ఒక కాడ తీసి మూతి దగ్గర పెట్టింది. వాడు చూడలేదు. పెదవికి తాకించింది. చూడలేదు. తీసెయ్యాలనిపించింది, చేతిని మాత్రం అక్కడే ఉంచింది. ఎంతసేపో తెలియదు. ముక్కు ముందు కదిలింది. తర్వాత పెదవి. ముందరి పళ్ళు కాడని పట్టుకుని, ఆగి, ఆలోచించుకున్నట్టుండి, ఒక్క ముక్క కొరికాయి. ఆ చప్పుడు ఆమెకి తప్ప ఇంకెవరికీ వినబడి ఉండదు.

ఆమె ఇంకో కాడ తీసి అందించింది.